వెళ్ళకముందు గీసినవి

పోయిన నెల మా ఊరి హైస్కూల్లో పాత విద్యార్థులందరం కలిశాం. మాది రాజోలు పక్కన, కాలవ గట్టు మీద ఊరు. వేదిక మీదకి పెద్దల్ని ఒక్కొక్కరినీ పిలిచి సన్మానం చేస్తున్నారు. మా మేనమామ వంతు వచ్చింది. మైకు పట్టుకున్నాయన "వీరు పందొమ్మిదేళ్ళు మస్కట్‌లో ఉండి వచ్చారు. కష్టపడి పైకొచ్చారు. పిల్లలిద్దర్నీ ఇంజనీర్లని చేశారు" అని శాలువా కప్పాడు. అందరం చప్పట్లు కొట్టాం. మావయ్య దణ్ణం పెట్టి కూర్చున్నాడు.

ఆయన కూర్చున్న కుర్చీకి సరిగ్గా వెనక, గోడ మీద సరస్వతీదేవి బొమ్మ ఉంది. అక్కడక్కడా పెచ్చులు ఊడాయి, కింద హంస సగమే మిగిలింది. కానీ వీణ తీగలు ఇప్పటికీ లెక్కపెట్టొచ్చు. 1986లో ఆ బొమ్మ వేసింది మావయ్యే. ఆ మాట ఎవరూ అనలేదు. మైకు పట్టుకున్నాయనకి తెలియదా అంటే, ఆ బొమ్మ వేస్తున్న వారం రోజులూ కింద నిచ్చెన పట్టుకుని నిలబడ్డ కుర్రాళ్ళలో ఆయనొకడు.

ఇంటికొచ్చాక కూడా నాకు మనసు కుదుటపడలేదు. దానికి ఇంకో కారణం కూడా ఉంది. ఆ వారమంతా నేను అల్ఫ్రెడో అల్కాలా అనే కామిక్స్ చిత్రకారుడి గురించి దొరికిందల్లా చదువుతున్నాను. ఆయన మీద రాసిన చాలా వ్యాసాలు మా స్కూల్లో మైకు పట్టుకున్నాయన మాట్లాడినట్టే మొదలవుతాయి. ఫిలిప్పీన్స్ నుంచి వచ్చాడు, అమెరికాలో పెద్ద కంపెనీల్లో పని సంపాదించాడు, కత్తి పట్టిన వీరుడు కోనన్ కథలకి బొమ్మలు వేశాడు. ఇక అక్కడి నుంచే కథ. అంతకు ముందున్నది ఒక పేరా.

మనిషి ఊరు విడిచి వెళ్ళిన రోజు నుంచే అతని జీవితాన్ని లెక్కపెట్టడం తప్పు అని నాకు గట్టిగా అనిపిస్తోంది. ముఖ్యంగా గీత గీసి బతికే మనిషి విషయంలో. ఎక్కడికి చేరాడు అని కాదు, ఏ కాగితం మీద పూర్తిగా తన చెయ్యి ఉంది అని అడగాలి. ఇది ఎంతవరకు నిలబడే మాటో నాలో నేనే తేల్చుకోవాలని ఇదంతా రాస్తున్నాను.

యాభై దాటాక ఎక్కిన విమానం

ఉద్యోగం కోసం హైదరాబాదులో ఉన్న రోజుల్లో, ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాల్లో నాకు ఒక కోనన్ పత్రిక దొరికింది. అట్ట లేదు. లోపల రంగుల్లేవు, అంతా నలుపూ తెలుపే. ఒక పేజీలో రాతి మెట్లు, మెట్ల మీద నాచు, పైన శిథిలమైన గుడి. నీడ పడిన చోట కూడా నలుపు ముద్దగా పూసెయ్యలేదు. సన్నటి గీతలు, వాటి మీద అడ్డంగా ఇంకొన్ని గీతలు, మళ్ళీ ఏటవాలుగా ఇంకొన్ని. పాత కరెన్సీ నోటు మీద బొమ్మలా ఉంది. ఎవరు చేశారా అని చూస్తే రెండు పేర్లున్నాయి. బొమ్మ జాన్ బుసెమా, ఇంకు అల్ఫ్రెడో అల్కాలా.

అల్కాలా 1925 ఆగస్టు 23న ఫిలిప్పీన్స్‌లో, నీగ్రోస్ దీవిలోని తలిసాయ్‌లో పుట్టాడు. చెరకు పండే నేల. చదువు మధ్యలోనే మానేశాడు. బోర్డులు రాశాడు. ఇనప సామాను తయారుచేసే షాపులో దీపాల స్టాండ్లకీ, ఇంటి సామానుకీ డిజైన్లు గీశాడు. ఒక చర్చిలో ప్రసంగ వేదిక కూడా ఆయన గీసిచ్చిన డిజైనే. యుద్ధంలో జపాను సైన్యం దేశాన్ని ఆక్రమించినప్పుడు, వాళ్ళ బంకర్లు ఎక్కడెక్కడున్నాయో చూసి గుర్తుపెట్టుకుని, ఇంటికొచ్చి బొమ్మలు గీసి అమెరికన్ల వైపు అందించేవాడు. అప్పటికి ఇరవై ఏళ్ళు కూడా లేవు.

1948 అక్టోబరులో బితుయిన్ కోమిక్స్‌లో మొదటి బొమ్మ అచ్చయింది. ఆ ఏడాది చివరికల్లా దేశంలోనే పెద్ద కామిక్స్ సంస్థ ఏస్‌కి గీస్తున్నాడు. వేగంలో ఆయన గురించి కథలు కథలుగా చెబుతారు. అంత పని ఉన్నా సహాయకుల్ని పెట్టుకోలేదు. చివరికి మాటల బుడగల్లో అక్షరాలు కూడా తనే రాసుకునేవాడు. ఇంకొకరి చెయ్యి పడితే ఆ బొమ్మ ఇక నీది కాదని, అది ఇద్దరు కలిసి తొక్కే సైకిలు లాంటిదని ఆయన నమ్మకం. ఈ మాట గుర్తుపెట్టుకోండి, దీనితో పని ఉంది.

1963లో వోల్టార్ అనే కామిక్స్ కథ మొదలుపెట్టాడు. కత్తి పట్టిన వీరుడు, రాక్షసులు, ఓడలు, కోటలు. ఇంగ్లండులో ఫ్రాంక్ బ్రాంగ్విన్ అనే చిత్రకారుడి పనిని ఆయన చాలా ఇష్టంగా చూసి నేర్చుకున్నాడు. ఆ ప్రభావం ప్రతి పేజీలో కనిపిస్తుంది. వందల మంది జనాన్నీ, వాళ్ళ వెనక పొగనీ, ఆ పొగ వెనక ఆకాశాన్నీ ఒక్క పేజీలో నింపి కూడా కన్ను ఎక్కడ చూడాలో తికమక పడకుండా చూపించగలడు. అమెరికాలో మార్వెల్ కంపెనీ కోనన్‌ని కామిక్స్‌గా మొదలుపెట్టింది 1970లో. అంటే మార్వెల్ ఈ రకం కథ మొదలుపెట్టడానికి ఏడేళ్ళ ముందే, మనీలాలో కూర్చుని ఈయన అదే పని ఒక్క చేత్తో చేసి పెట్టాడు.

ఆయన అమెరికా వెళ్ళి స్థిరపడింది 1976లో. అప్పటికి యాభై దాటాయి. కామిక్స్‌లోకి వచ్చి ఇరవై ఎనిమిదేళ్ళు. ఆ తర్వాత బతికింది ఇరవై నాలుగేళ్ళు. 2000 ఏప్రిల్ 8న పోయాడు. లెక్క చూసుకున్నా వెళ్ళకముందు జీవితమే ఎక్కువ. అయినా ఆయన గురించి చెప్పేటప్పుడు ఆ ఎక్కువ భాగం ఒక పేరాలో ఎందుకు సరిపోతోంది?

రేటు మాట

ఫిలిప్పీన్స్ చిత్రకారులు అమెరికా కామిక్స్‌లోకి రావడానికి దారి వేసింది టోనీ డిజునిగా. ఆయన ముందే అక్కడికి వెళ్ళి డీసీ కంపెనీకి గీస్తున్నాడు. మా దేశంలో ఇంకా చాలామంది ఉన్నారని ఆయన చెప్పాకే, 1971లో డీసీ పెద్దలు కార్మైన్ ఇన్ఫాంటినో, జో ఓర్లాండో మనీలా వెళ్ళారు. ఓర్లాండో కూడా ఇటలీలోని బారీలో పుట్టి, పసితనంలో అమెరికా చేరినవాడే. వలస అంటే ఏమిటో ఆ గదిలో అందరికీ తెలిసే ఉంటుంది.

వాళ్ళు వెళ్ళింది ప్రతిభ కోసమే, అందులో అబద్ధం లేదు. కానీ అమెరికాలో ఒక పేజీకి ఇచ్చే డబ్బు కంటే తక్కువకి అక్కడ పని అవుతుందని కూడా వెళ్ళారు. "ప్రతిభ ఎక్కడున్నా గుర్తింపు దానంతట అదే వెతుక్కుంటూ వస్తుంది" అని మనవాళ్ళు తరచూ అంటుంటారు. ఈ కథ చదివాక నాకు ఆ మాట అనడానికి నోరు రావడం లేదు. వెతుక్కుంటూ వచ్చినవాళ్ళు రేటు కూడా మాట్లాడుకునే వచ్చారు. మరుసటి ఏడాది, 1972లో, ఆ దేశంలో మార్షల్ లా పెట్టారు. ఉండాలా వెళ్ళాలా అన్న టెన్షన్‌లో ఉన్నవాళ్ళకి అప్పుడు ఎటు మొగ్గాలనిపిస్తుందో చెప్పక్కర్లేదు.

ఎర్నీ చాన్ అనే ఇంకో చిత్రకారుడున్నాడు. కాగితాల్లో పడిన తప్పు వల్ల ఆయన ఇంటిపేరు చువా అయిపోయింది. అమెరికాలో గీసిన తొలి సంవత్సరాల బొమ్మలన్నీ ఎర్నీ చువా పేరుతోనే అచ్చయ్యాయి. పౌరసత్వం వచ్చాక గానీ తన పేరు తను వేసుకోలేకపోయాడు. ఇది చదివి నేను పెద్దగా ఆశ్చర్యపోలేదు. పాస్‌పోర్టులో ఇంటిపేరు ముందు పడటం వల్ల మా మావయ్యని మస్కట్‌లో పందొమ్మిదేళ్ళూ ఇంటిపేరుతోనే పిలిచారు. సెలవుల్లో ఇంటికొచ్చినప్పుడు అత్తయ్య పేరు పెట్టి పిలిస్తే ఒక్కోసారి వెంటనే తల తిప్పేవాడు కాదు.

ఇద్దరు తొక్కే సైకిలు

ఇప్పుడు ఆ సైకిలు మాట దగ్గరికి వస్తాను. సహాయకుడి చెయ్యి కూడా పడనివ్వని మనిషి, అమెరికా కంపెనీలకి చేసిన పనిలో ఎక్కువ పేరు తెచ్చుకున్నది ఇంకొకరి పెన్సిల్ గీతల మీద ఇంకు వేసి. అక్కడి పద్ధతే అది. ఒకరు పెన్సిల్‌తో గీస్తారు, ఇంకొకరు ఇంకు వేస్తారు, అక్షరాలు మరొకరు, రంగులు మరొకరు. 1974 నుంచి వచ్చిన పెద్ద సైజు కోనన్ పత్రికలో బుసెమా వేసిన మనుషుల మీద అల్కాలా ఇంకు పడింది. చదివేవాళ్ళు ఉప్పొంగిపోయారు. బుసెమాకి మాత్రం నచ్చలేదు. తన గీత కనపడకుండా పోతోందని ఆయన బాధ.

నాకు బుసెమా మీద కోపం లేదు. ఆయన అన్నది నిజమే. ఆ పేజీల్లో అల్కాలా చెయ్యి తగ్గి ఉండలేకపోయింది. పాతికేళ్ళు సొంతంగా గీసిన చెయ్యి మరొకరి గీత వెంట అణకువగా ఎలా నడుస్తుంది? కండలు బుసెమావి, కానీ రాయీ చెట్టూ పొగా నీడా అల్కాలావి. ఒక్కో పేజీ చూస్తుంటే ఇద్దరూ ఒకే సైకిలుని చెరో పక్కకీ తిప్పుతున్నట్టుంటుంది. ఆ పెనుగులాట వల్లే ఆ పేజీలు అంత బావున్నాయేమో అని కూడా ఒక్కోసారి అనిపిస్తుంది.

నా వాదానికి అడ్డొచ్చే సంగతులు దాచను. 1980ల్లో డీసీ వాళ్ళ స్వాంప్ థింగ్ కామిక్స్‌లో రిక్ వీచ్ పెన్సిల్ మీద అల్కాలా వేసిన ఇంకు చూడండి. బురద, నాచు, కుళ్ళిన ఆకు, వీటికి అంత ప్రాణం పోసిన గీత నేనింకొకటి చూడలేదు. అది జంట పనే. ఆ పనిని సగం పని అనడానికి నాకు మనసొప్పదు. మన దగ్గర వయొలిన్ విద్వాంసుడు గాయకుడి పక్కన కూర్చున్నాడని ఆయన్ని చిన్నచేసి మాట్లాడతామా?

ఇంకోటి. 1982లో మాటెల్ కంపెనీ హీ-మ్యాన్ బొమ్మలు అమ్మకానికి తెచ్చింది. దూరదర్శన్‌లో ఆ కార్టూన్ చూసిన నా వయసు వాళ్ళకి హీ-మ్యాన్ ఎవరో చెప్పక్కర్లేదు. ఆ ఆటబొమ్మల డబ్బాలో ఒక చిన్న కథల పుస్తకం పెట్టేవారు. మొదట వచ్చిన నాలుగు పుస్తకాలకీ బొమ్మలు వేసింది అల్కాలాయే. అరచేతిలో పట్టేంత పుస్తకం. పిల్లలు ఆడుకుని చింపి పారేసే కాగితం. అయినా అందులో కొండల్ని చూస్తే వోల్టార్‌లో కొండలే. ఎవరూ గొప్పగా చెప్పుకోని ఆ పనిలో ఆయన చెయ్యి మళ్ళీ పూర్తిగా కనిపిస్తుంది. అమెరికా వెళ్ళాక ఆయన సొంత గీత పోయింది అని నేను రాసి ఉంటే, ఈ నాలుగు పుస్తకాలు నా మాటని కొట్టేసేవి. అందుకే అలా అనను. ఏ పేజీకి ఆ పేజీ చూసి చెప్పాలి అంటాను.

దారం ఉండ లెక్క

పేజీకి ఇంత అని లెక్కగట్టి, దూరదేశానికి చేతిపని పంపడం మా డెల్టాకి కొత్త సంగతి కాదు. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి వశిష్ఠ దాటితే నరసాపురం. పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు నేర్పిన లేసు అల్లిక అక్కడి నుంచి గోదావరికి ఇటూ అటూ ఉన్న ఊళ్ళన్నిటికీ పాకింది. మా నాయనమ్మ కూడా అల్లేది. దారం ఉండ ఇచ్చి, అయ్యాక లేసు తీసుకుని, ఉండకి ఇంత అని డబ్బులిచ్చేవారు. ఆ లేసు ఏ దేశంలో ఏ బల్ల మీద పరిచారో ఆవిడకి తెలియదు, అల్లింది ఎవరో వాళ్ళకీ తెలియదు. మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త 1982లో నరసాపురం లేసు పనివాళ్ళ మీద ఒక పుస్తకం రాసింది. రోజులో గంటల తరబడి చేసే ఆ పనిని, ఇంట్లో ఖాళీగా ఉన్న ఆడవాళ్ళ కాలక్షేపంగా లెక్కేసి కూలి తగ్గించారని అందులో చూపించింది.

అల్కాలా ఇంకు గీతల్ని దగ్గర్నుంచి చూసిన ప్రతిసారీ నాకు నాయనమ్మ ఒళ్ళో లేసే గుర్తొస్తుంది. ఒక గీత మీద ఇంకో గీత, మధ్యలో ఖాళీ ఎంత వదలాలో చేతికి తెలిసిపోవడం. తేడా ఒక్కటే. ఆయన పేరు, ఇంకు అన్న మాట పక్కనైనా సరే, అచ్చయింది. నాయనమ్మది లేదు. ఎంత చిన్నదైనా ఆ పేరు ఉండబట్టే ఆబిడ్స్ ఫుట్‌పాత్ నుంచి నేను తలిసాయ్ దాకా వెతుక్కుంటూ పోగలిగాను.

"మన బాపు గారు కూడా ఊరొదిలి వెళ్ళినవారే కదా, మరి ఆయన గురించి ఏమంటావు?" అని ఒక మిత్రుడు అడిగాడు. నరసాపురంలో పుట్టారు, మద్రాసులో లా చదివారు, పని చేసిందంతా అక్కడే. నిజమే. కానీ బాపు గారు ఎక్కడ కూర్చుని గీసినా చూసేది మనమే. ఆయన బొమ్మలో మనిషి పంచె ఎగ్గట్టిన తీరు చూసి ఎక్కడివాడో మనం చెప్పగలం. బొమ్మ కింద ఆయన సంతకం ఉండేది. చివరికి ఆయన చేతిరాత కూడా మన పెళ్ళి శుభలేఖల మీదకి వచ్చేసింది. ఊరు విడిచినా గీతని విడిచిపెట్టాల్సిన అవసరం ఆయనకి రాలేదు. దూరం కాదు అసలు సంగతి. ఎవరి కోసం గీస్తున్నాడు, ఎవరి పేరు మీద గీస్తున్నాడు అన్నదే నేను అడుగుతున్నది.

మావయ్య మాట

ఇదంతా మావయ్యతో మాట్లాడకుండా రాయడం న్యాయం కాదనిపించి, మొన్న వాళ్ళింటికి వెళ్ళాను.

మస్కట్ వెళ్ళకముందు ఆయన బోర్డు ఆర్టిస్టు. 1994 వరకూ రాజోలు, మలికిపురం చుట్టుపక్కల కొట్ల బోర్డులు, గోడ రాతలు, గుళ్ళల్లో బొమ్మలు, ఎన్నికల గుర్తులు అన్నీ వేసేవాడు. చిన్నప్పుడు నేను ఆయన వెనకాల రంగు డబ్బా మోసేవాడిని. నీలం పొడి అద్దిన దారం గోడ మీద లాగి కొడితే తిన్నటి గీత పడేది. క్యాలెండర్ బొమ్మ మీద పెన్సిల్‌తో గడులు గీసి, గోడ మీద సుద్దతో పెద్ద గడులు గీసి, ఒక్కో గడిలో ఉన్నది ఒక్కో గడిలోకి ఎక్కించేవాడు. పని అయ్యాక కింద మూల సన్నటి బ్రష్‌తో తన పేరు, పక్కన 'ఆర్ట్స్' అని రాసుకునేవాడు. ఆ పేరు ఆరేదాకా ఎవర్నీ దగ్గరికి రానిచ్చేవాడు కాదు.

మస్కట్‌లో ఆయన రాసింది హెచ్చరిక బోర్డులు. పైన అరబ్బీ, కింద ఇంగ్లీషు. అరబ్బీ చదవడం రాదు. ఇచ్చిన కాగితంలో అక్షరాన్ని బొమ్మలాగా చూసి, అలాగే దించేవాడు. మొదట్లో ఎడమ నుంచి మొదలుపెడితే, పక్కన పనిచేసే మలయాళీ ఆయన ఆపి, కుడి నుంచి రాయాలని చూపించాడట. చుక్క ఒకటి ఎక్కువ పడితే మాటే మారిపోతుందని కూడా. కింద పేరు రాసుకునే పని లేదు.

నేను రాస్తున్నది చెప్పగానే మావయ్య అన్నాడు: "ఒరేయ్ అబ్బాయ్, ఆ చుక్కలు పెట్టిన డబ్బులతోనేరా మీ అమ్మ ఆపరేషన్ అయ్యింది. ఇక్కడే ఉంటే ఏముంది? ఫ్లెక్సీలొచ్చాక నాతో పని చేసినోళ్ళు ఏమయ్యారో చూశావా? ఒకడు ఆటో తోలుతున్నాడు, ఒకడు రొయ్యల చెరువు దగ్గర కాపలా."

దీనికి నా దగ్గర జవాబు లేదు. అల్కాలా ఇంట్లో ఎవరైనా నాకు ఇదే మాట చెప్పినా నోరు మూసుకునే వినాలి. వెళ్ళడం తప్పని నేను ఏనాడూ అనుకోలేదు. వెళ్ళాడు కాబట్టి పైకొచ్చాడు అన్న ఒక్క వాక్యంతో ముందున్నదంతా తుడిచెయ్యడం మీదే నా బాధ. వేదిక మీద ఆ శాలువాతో పాటు, "వెనక సరస్వతి బొమ్మ ఈయనదే" అని ఇంకొక్క మాట అని ఉంటే ఎవరి సొమ్ము పోయేది? ఆ మాటే మావయ్యని అడిగాను. ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "హంస కాలు సరిగ్గా కుదర్లేదురా అందులో. మళ్ళీ వేద్దామనుకునే లోపు వీసా వచ్చేసింది" అన్నాడు.

ఫోన్‌లో వోల్టార్ పేజీ ఒకటి తీసి చేతికిచ్చాను. కళ్ళజోడు పెట్టుకుని, రెండు వేళ్ళతో పెద్దది చేసి, మూలమూలలా చూశాడు. గుర్రాల దగ్గర ఆగాడు. "చెయ్యి ఆనించకుండా లాగాడు. గీత ఎక్కడా వణకలేదు చూడు" అన్నాడు. ఎప్పుడు వేశాడని అడిగాడు. 1963లో మొదలుపెట్టాడని చెప్పాను.

"అంటే వెళ్ళకముందేగా" అని మళ్ళీ ఆ గుర్రాల వైపే చూస్తూ కూర్చున్నాడు.

మర్నాడు నేనూ ఆయనా ఒక నోటుపుస్తకం ముందేసుకున్నాం. ఏ ఊళ్ళో, ఏ ఏడాది, ఏం రాశాడో గుర్తొచ్చింది గుర్తొచ్చినట్టు రాస్తున్నాను. ఇప్పటికి నలభై ఒకటి అయ్యాయి. సగానికి పైగా గోడలే లేవు. ఈ ఆదివారం పంటు దాటి నరసాపురం వెళ్తున్నాం. అక్కడ ఒక బట్టల కొట్టు మేడ మీద, ఫ్లెక్సీ వెనకాల, తను రాసిన రేకు బోర్డు ఇంకా ఉండి ఉంటుందని ఆయన నమ్మకం.